బలహీనతను ఒప్పుకొనుట ఓటమియా?

ధ్యానమునకు: 1 రాజులు 19:1–8, గలతీయులు 6:1–5



“ఇక నా వల్ల కాదు” అని చెప్పుకొనుట ఓటమియా? ఈ ప్రశ్నను నోట అడిగినవారు మనలో తక్కువ, లోలోపల దీనితో పెనుగులాడువారు ఎక్కువ. దీనినిగూర్చి ఒక ఎత్తయిన కొండదారి మనకేమి నేర్పునో ఈ నెల ఆలోచింతము.

హిమాలయములలో, ఉత్తరాఖండ్ రాష్ట్రమున, రూప్‌కుండ్ అను చిన్న మడుగు కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 5,000 మీటర్ల ఎత్తున నున్నది. సంవత్సరములో ఎక్కువ కాలము గడ్డకట్టి యుండును. మంచు కరగినప్పుడు దాని ఒడ్డున మనుష్యుల ఎముకలు బయటపడును. వాటి సంగతి శోధించినవారిలో మన పొరుగువారు ఉన్నారు. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, ఇతర సంస్థలవారితో కలిసి, ఆ ఎముకలనుండి 38 మంది జన్యువులను పరీక్షించి 2019లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 23 మంది మన ఉపఖండపు వారు, క్రీ.శ. 800 ప్రాంతమున మరణించిరి. 14 మంది మధ్యధరా సముద్రపు తూర్పు దేశములవారిని పోలినవారు, 1800 ప్రాంతమున మరణించిరి. ఒకరు ఆగ్నేయాసియా వంశస్థులు. వేయి సంవత్సరముల ఎడముతో, వేర్వేరు జాతులవారు ఒకే మడుగు ఒడ్డున ఒరిగిరి. కొండ ఎవరి జాతినీ అడుగదు, ఎవరి బలమునకూ జంకదు.

ఎముక ప్రయోగశాలలోని బల్లమీదికి రాకముందు ఎవరో ఒకరు కాలినడకన ఆ ఎత్తుకు ఎక్కవలెను గదా! అట్టి చోట్లకు పరిశోధనకై వెళ్లువారి దినచర్య ఎట్టిదో చూడుడి. తెల్లవారకముందే లేవవలెను, ఏలయనగా మధ్యాహ్నము దాటిన తరువాత మబ్బు కమ్మి వడగండ్లు పడవచ్చును. రాత్రి సీసాలో పోసిన నీరు ఉదయమునకు గడ్డయై యుండును. మంచును కరగించి త్రాగవలెను. అక్కడ నీరు సుమారు 83 డిగ్రీలకే మరగును, కాబట్టి ప్రెషర్ కుక్కరు లేనిదే పప్పు ఉడుకదు. కలములోని సిరా గడ్డకట్టునని పెన్సిలుతో వ్రాసుకొందురు. చలికి బ్యాటరీల శక్తి తగ్గిపోవునని వాటిని పక్కలో పెట్టుకొని పండుకొందురు. గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో ఇంచుమించు సగమే. పది అడుగులు వేసి నిలిచి రొప్పుచుందురు.

అయితే వీటన్నిటికంటె అపాయకరమైనది మరియొకటి కలదు. అది దాచిన తలనొప్పి. ఎత్తు త్వరగా ఎక్కినవానికి తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలుగును. దానిని లెక్కచేయక పైకి పోయినయెడల ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును, మెదడు వాయవచ్చును, ప్రాణమే పోవచ్చును. అందుచేత 3,000 మీటర్లు దాటిన తరువాత పండుకొను స్థలమును రోజుకు 500 మీటర్లకంటె ఎక్కువ పెంచవద్దని వైద్యులు చెప్పుదురు. వ్యాధి ముదిరినయెడల ముఖ్యమైన చికిత్స క్రిందికి దిగుటయే. కాని దిగవలెనంటే మొదట నోరు తెరచి చెప్పవలెను. “నాకు బాగులేదు” అన్న ఒక్క మాట బృందమంతటిని కాపాడును. సిగ్గుపడి మూసిన నోరు నలుగురిని అపాయమున పడవేయును.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. పరిశోధకునికి అడ్డుపడునది సిగ్గు మాత్రమే. అతని పెట్టెలను వీపున మోయు కూలివానికి అడ్డుపడునది ఆకలి. చెప్పినయెడల దినకూలి పోవునని అతడు భయపడును. కాబట్టి దాచినవానిని నిందించుటకు ముందు, చెప్పుట అతనికి ఎంత ఖరీదో మనము అడుగవలెను.

ఈ మాట నేను పుస్తకములో నేర్చుకొనలేదు. శామీర్‌పేట వైపు మన సంఘస్థుడొకడు రాళ్లు కొట్టు పని చేయుచుండెను. నెలల తరబడి దగ్గుచు, ఆరాధనలో మాత్రము “దేవుని కృపవలన బాగున్నాను అయ్యగారూ” అనుచుండెను. ఆ దినములలోనే నేను సణుగుడును గద్దిస్తూ ప్రసంగించితిని. మంచము పట్టిన తరువాత అతనిని చూడబోయి, “ముందే ఎందుకు చెప్పలేదు తమ్ముడా?” అని అడిగితిని. అతడు, “చెప్తే పని పోతది అయ్యగారూ. మీకు చెప్తే నాకు విశ్వాసం లేదంటరేమో అనుకున్న” అనెను. రాతిపొడి అప్పటికే అతని ఊపిరిని తినివేసినది. కొన్ని వారములకు అతనిని సమాధి చేసితిమి. అతని మాటలోని మొదటి సగము యజమానునికి తగిలినది, రెండవ సగము నాకు తగిలినది. నా ప్రసంగమే అతని నోటికి తాళమాయెనని నేను ఒప్పుకొనుచున్నాను.

ఏలీయాను చూడుడి. కర్మెలు పర్వతముమీద అగ్నిని చూచిన ప్రవక్త, బదరీవృక్షము క్రింద కూర్చుండి తనకు చావు రావలెనని కోరెను. దేవుడు అతనిని గద్దించెనా? లేదు. మొదట నిద్రపోనిచ్చెను, తరువాత నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లును పంపెను, ఒకసారి కాదు, రెండు సార్లు. దారి అతని సత్తువకు మించినదని దూత తానే చెప్పెను. ఏలీయా నోట రావలసిన మాటను పరలోకమే ముందుగా పలికెను! ఆ రొట్టె బలముతోనే అతడు హోరేబువరకు నడిచెను.

“అయితే సోమరులకు ఇది సాకు కాదా?” అని ఎవరైనను అడుగవచ్చును. పౌలు ఒకే అధ్యాయములో ఒకరి భారముల నొకరు భరించుడనియు, ప్రతివాడు తన బరువు తానే మోయవలెననియు చెప్పెను. ఇవి రెండును కలిసియే నడచును. కొండదారిలో ఎవని సంచి వానిదే, కాని కాలు తడబడినవాని సంచిని పక్కవాడు అందుకొనును. సోమరి తన సంచిని ఎత్తనే ఎత్తడు. బలహీనుడు ఎత్తి, నడిచి, ఇక చాలదని చెప్పును. వీరిద్దరికిని భేదము తెలియవలెనంటే మనము వారి పక్కన నడచుచుండవలెను, దూరమునుండి తీర్పు తీర్చరాదు.

కాబట్టి బలహీనతను ఒప్పుకొనుట ఓటమి కాదు. ఒప్పుకొనుటకు చోటు లేని సంఘమే ఓడిపోయిన సంఘము. ఈ నెల మేడ్చల్‌లో గాని శామీర్‌పేటలో గాని ఆరాధన ముగిసి చేతులు కలుపునప్పుడు, “బాగున్నారా?” అని అడిగి వెంటనే ముందుకు సాగిపోకుడి. జవాబు వచ్చువరకు నిలువుడి. కూలి పోగొట్టుకొనిన ఇంటికి ఒక పూట బియ్యము తీసికొని వెళ్లి, తరువాత ప్రార్థించుడి. దేవుడును ఏలీయాకు రొట్టె ముందు పెట్టి, మాట తరువాత చెప్పెను గదా.

అలసినవారి నెరిగిన ప్రభువు, నిజము చెప్పు ధైర్యమును బలహీనులకును, ఆలకించు చెవిని మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.