అస్త్రోపసంహారము

శివనాథనదీ తీరమందలి దుర్గ్ పట్టణమునకు ఆ పేరు కోటనుబట్టి వచ్చినది. దాని చెంతనే భిలాయి ఉక్కు కర్మాగారము వెలసినది. అందలి మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఆంధ్రదేశమునుండి వెళ్లిన కుటుంబములనేకము అచ్చట స్థిరపడినవి. ఆ ప్రాంతమున నాగపంచమినాడు కుస్తీలు జరుగుట వాడుక. మల్లుడు గోదాలో దిగుటకు ముందు వంగి మట్టిని తాకి నొసట నుంచుకొనును. ప్రత్యర్థితో చేయి కలుపుట ఆ పిమ్మటనే.

సాము నేర్చిన పిల్లవాడు దుడుకువాడగునేమోయని తల్లిదండ్రులు భయపడుట కలదు. ఆ భయము నిరాధారమైనది కాదు. సౌప్తికపర్వమే అందులకు సాక్ష్యము.

నిద్రించుచున్న ఉపపాండవులను వధించిన అశ్వత్థామ, పాండవులు తన్ను వెంబడించి రాగా, ఒక గడ్డిపోచయందు బ్రహ్మశిరోనామకాస్త్రము నావాహనచేసి విడిచెను. దానిని శమింపజేయుటకై అర్జునుడును అదే అస్త్రమును ప్రయోగించెను. లోకములు దగ్ధమగునని నారద వ్యాసులు నడుమ నిలిచి, ఉపసంహరింపుడని పలికిరి. అర్జునుడు వెంటనే మరలించెను. అశ్వత్థామకు సాధ్యము కాలేదు. ఇరువురకును గురువొక్కడే, అస్త్రమును ఒక్కటే. అయినను ఇంద్రియనిగ్రహము లేనివానికి అది మరల వశము కాదట!

తప్పు శిష్యునిది మాత్రమేనా? ద్రోణుడు కుమారుని చాపల్యము నెరుగనివాడు కాడు. కొడుకు పోరగా పోరగా మనసొప్పకయే ఉపదేశించి, ఆపదలోనైనను మనుష్యులపై విడువవలదని కట్టడిచేసెను. చేతికిచ్చిన పిదప కట్టడి ఏపాటిది? గురువు నోడించి తండ్రి గెలిచిన ఆ గడియకు ఫలము ఉత్తరగర్భమందలి శిశువు అనుభవింపవలసి వచ్చెను. విడుచుట నేర్పుటకు మంత్రము చాలును. మరలించుట నేర్పుటకు ఏండ్లతరబడి శిష్యుని నడవడిని కనిపెట్టియుండు గురువు కావలెను. కొలిమి చెంత పనిచేయు భిలాయి కార్మికునకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

దుర్గునకు సమీపముననే యున్న రాయపూరులో, 1877 మొదలు సుమారు రెండేండ్లు, బాలుడైన నరేంద్రుడు తండ్రియొద్ద నివసించెను. అనంతరకాలమున వివేకానందస్వామిగా లోకము కొనియాడినది ఇతనినే. కలకత్తాలో నవగోపాల మిత్రుని వ్యాయామశాలలో ఇతడు సాధనచేసెను. ఒకనాడచ్చట బాలురు బరువైన ఊయలస్తంభము నెత్తలేక అవస్థపడుచుండగా, చూచుచున్న ఆంగ్లనావికుడొకడు సాయపడ వచ్చెను. స్తంభము జారి అతనిపై బడగా స్పృహ తప్పెను. చచ్చెనని తలచి అందరును చెదరిపోయిరి. పరుగెత్తినవారును కండలు పెంచినవారే! నరేంద్రుడును ఒకరిద్దరు మిత్రులును మాత్రము నిలిచిరి. అతడు తన వస్త్రమును చించి గాయమునకు కట్టుకట్టెను. ముఖమున నీరు చల్లి, విసరి, స్పృహ రాగానే సమీపపు పాఠశాలకు చేర్చి వైద్యుని పిలిపించెను. వారముదినముల ఉపచారముతో నావికుడు కోలుకొనెను. మిత్రులవద్ద ప్రోగుచేసిన కొద్దిపాటి ధనమును అతని చేతబెట్టి నరేంద్రుడు సాగనంపెను.