ఉద్యోగం, చదువు, మనస్సాక్షి

మన విచారణల నుండి అమెరికా వెళ్ళిన నర్సులు కొందరు నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదవాలనుకుంటున్నారు. ఉద్యోగం మానకుండా ఎక్కడ చేరాలన్నది వారి ప్రశ్న. ఫీజు ఎంత, పాఠాలు ఇంటి నుండే వినవచ్చా అని చూస్తారు. తప్పులేదు, ఇంటికి పంపే డబ్బు ఆగకూడదు కదా!

అయితే 1965లో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ కొలరాడోలో ప్రారంభించిన ఈ చదువు అసలు నడిచేది రోగి దగ్గరే. రేపు జబ్బు నిర్ధారించేది, మందు రాసేది ఆమే. పర్యవేక్షణలో రోగులను చూడవలసిన గంటలు ఒకప్పుడు కనీసం 500. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు 750 అన్నాయి. పాఠమైతే రాత్రి వినవచ్చు. ఈ గంటలు క్లినిక్కు తెరిచి ఉన్నప్పుడే. వారానికి 12 చొప్పున అయినా 63 వారాలు! మూడు పన్నెండు గంటల డ్యూటీలకు ఇది అదనం. ఇక నిద్ర ఎక్కడిది?

శిక్షకులను కళాశాలే చూపుతుందా, విద్యార్థే వెతుక్కోవాలా అన్నది ముందే అడగాలి. త్వరగా ముగిసే కోర్సు ఆకర్షిస్తుంది. కానీ ఆ ఎంపికలో, రేపు ఆమె ముందు కూర్చునే రోగికీ భాగముంది. అతనిని అడిగేవారు లేరు. ఏడాది ఎక్కువైనా డ్యూటీలు తగ్గించుకుని చదవడమే న్యాయమని నా అభిప్రాయం. ఆ ఏడాది తక్కువ డబ్బుతో సర్దుకోగలమా అన్నదానికి జవాబు చెప్పవలసింది మాత్రం ఆమె కాదు, ఇక్కడున్న మనం.