సంకల్పం చెప్పుకున్న తప్పు

మా హ్యూస్టన్‌కి పడమరగా ఉన్న కేటీ ఊళ్ళో బ్రెయిడ్‌వుడ్ మేనేజ్‌మెంట్ అని ఓ కంపెనీ ఉంది. యజమాని గట్టి క్రైస్తవుడు. ఉద్యోగుల ఆరోగ్య బీమాలో ప్రెప్ మందుకు తను డబ్బు కట్టడమంటే మగవాళ్ళ మధ్య సంపర్కానికి దన్నుగా నిలబడటమేనని, ఆ పాపంలో తనకీ భాగం వస్తుందని 2020లో కోర్టుకెక్కాడు. 2022 సెప్టెంబరులో టెక్సస్‌లోని ఫెడరల్ జడ్జి ఆయన మతస్వేచ్ఛకు భంగం కలిగిందన్నాడు. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికి తగాదా వేరే దారి పట్టింది. ఏ నివారణ వైద్యం ఉచితంగా ఇవ్వాలో చెప్పే నిపుణుల నియామకం చెల్లుతుందా, చెల్లదా అన్నది ప్రశ్న. చెల్లుతుందన్నారు. పాపం సంగతి అక్కడెవరూ తేల్చలేదు.

నేను గేని. ఆ మాత్ర రోజూ పొద్దున్నే, బీపీ బిళ్ళతో పాటు వేసుకుంటాను. హెచ్ఐవి లేనివాళ్ళు, అది రాకుండా వేసుకునే మందు. క్రమం తప్పకపోతే సంపర్కం వల్ల సోకే ప్రమాదం 99 శాతం దాకా తగ్గుతుంది. ఇందులో ఉండే టెనోఫోవిర్‌ను తయారుచేసే కంపెనీలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కేటీ పెద్దమనిషి లెక్కన చూస్తే, అక్కడ రియాక్టర్ పక్కన నైట్ డ్యూటీ చేసే కుర్రాడి ఖాతాలో కూడా నా పాపం కొంత రాయాలి. వాడు నన్ను క్షమించుగాక.

ఆ యజమాని మాట నన్నంతగా బాధించలేదు. బాధించింది మావాళ్ళ మాట. 2012 జులైలో ట్రువాడా అనే మాత్రని ప్రెప్‌గా వాడటానికి అమెరికాలో అనుమతి రాగానే, దాన్ని వేసుకునేవాళ్ళను 'ట్రువాడా వేశ్యలు' అని ముందుగా వెక్కిరించింది గే మగవాళ్ళే. తర్వాత కొందరు ఆ తిట్టునే టీషర్టుల మీద అచ్చేయించుకుని తిరిగారనుకోండి, అది వేరే ముచ్చట. ఎనభైలలో ఎయిడ్స్ వల్ల స్నేహితులను వరసగా పోగొట్టుకున్న పెద్దతరానికి కండోమ్ ఒక వ్రతం లాంటిది. దాన్ని పక్కనపెట్టే మందు వస్తే, చనిపోయినవాళ్ళకి ద్రోహం చేస్తున్నట్టు వాళ్ళకి తోచి ఉంటుంది. వాళ్ళతో వాదించాలని నాకెప్పుడూ అనిపించలేదు.

వాదన పెట్టుకున్నది కూకట్‌పల్లిలో ఉండే నా ఇంజినీరింగ్ స్నేహితుడితో. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. మగవాళ్ళూ కావాలి వాడికి. "ప్రెప్ ఎందుకు మొదలుపెట్టవురా?" అని ఫోన్లో అడిగాను. ఇంట్లో సీసా దొరికిపోతుందన్న భయం ఎలాగూ ఉంది. అదొక్కటే కాదట. "ఎప్పుడో ఓసారి తాగినప్పుడు జరిగిపోతుంది మావా. మర్నాడు తలంటుకుని గుడికెళ్తా. అదే రోజూ మాత్ర వేసుకుంటే? తప్పు చెయ్యడానికి రోజూ పొద్దున్నే సిద్ధమవుతున్నట్టు కాదూ?"

కొట్టిపారేసే మాట కాదిది. మన ధర్మశాస్త్రాలు కూడా తెలిసి చేసిన తప్పుకి, తెలియక చేసిన తప్పుకి ప్రాయశ్చిత్తం వేరువేరుగా చెప్పాయి. తెలిసి చేస్తే బరువెక్కువ. కేథలిక్కులు కూడా ఘోరపాపం కావాలంటే పూర్తి ఎరుక, మనస్ఫూర్తి సమ్మతి ఉండాలంటారు. కాబట్టి వాడు శాస్త్రం ఎరగకుండానే శాస్త్రం మాట్లాడాడు. కాకపోతే శాస్త్రం చెప్పే తెలియనితనం నిజంగా తెలియనితనం. రెండు నెలలకోసారి, అదే స్నేహితుల గదిలో, అదే బ్రాండు విస్కీతో వచ్చేది కాదు.

పియర్‌లాండ్ మీనాక్షి గుడికి అప్పుడప్పుడూ వెళ్తుంటాను. ఇక్కడి పంతుళ్ళు చాలామంది సంకల్పంలో జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అంటారు. ఎక్కడున్నాం, ఏ రోజు, ఏ గోత్రం, పేరేమిటి, ఏం చెయ్యబోతున్నాం, అన్నీ పైకి చెప్పాకే పూజ. నా మాత్ర నాకు అలాంటిదే. ఈ ఊళ్ళో, ఈ వయసులో, ఫలానావాణ్ణి, నా కోరిక ఇదీ అని రోజూ ఒప్పుకోవడం. మూణ్ణెల్లకోసారి రక్తపరీక్ష. సిఫిలిస్, గనేరియాలను ఈ మందు ఆపదు కాబట్టి వాటికీ పరీక్షలు. ఎంతమందితో, ఎలా, అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా అడుగుతుంది. తాగి జరిగిపోయిందని చెబితే ఆమె రాసుకోదు.

2010లో వెలువడిన ఐప్రెక్స్ పరిశోధనలో ఈ మాత్ర పొందినవాళ్ళందరినీ కలిపి చూస్తే రక్షణ 44 శాతమే కనబడింది. వేసుకుంటున్నామని చెప్పినవాళ్ళు చాలామంది. రక్తంలో చూస్తే అందులో ఎందరికో మందు జాడ లేదు. జాడ ఉన్నవాళ్ళలో రక్షణ 90 శాతం దాటింది. సీసా చేతికిచ్చినంత మాత్రాన సంకల్పం రాదు మరి.

భయం పోతే నీతి పోతుందనేవాళ్ళకి నా జవాబు అరణ్యపర్వంలోనే ఉంది. ధర్మం నీకేం ఒరగబెట్టిందని ద్రౌపది నిలదీస్తే, ఫలం కోసం ధర్మం చేసేవాడు బేరగాడని ధర్మరాజు అంటాడు. రోగం రాకూడదని బుద్ధిగా ఉండటమూ బేరమే. ఆ బేరంలో కుదుర్చుకున్న బుద్ధికి, మందు రాగానే కాలం చెల్లిందంటే అందులో మందు తప్పేముంది?

నా స్నేహితుడి విషయంలో నాకు తెగని ముడి వాడి భార్య. మాత్ర వేసుకుంటే వాడికి వైరస్ దాదాపు రాదు, వాడి నుంచి ఆమెకీ రాదు. వాడి అబద్ధం మాత్రం ఇంకా హాయిగా సాగుతుంది. ఇది తెలిసే, "మాత్రా మొదలుపెట్టు, ఆమెకి నిజమూ చెప్పు" అన్నాను.

"రెండూ నా వల్ల కాదు మావా. ఒక్కటి చెప్పు."

మాత్రే అన్నాను. ముందు ఆమె ఒళ్ళు, తర్వాతే నీ నిజాయితీ అన్నాను. రెండోదాని సంగతి ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతానని కూడా చెప్పాను. వాడు సరే అనలేదు, వద్దనీ అనలేదు. హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో మెసేజ్ పెట్టమన్నాడు.