పాత పెనం

తల్లీ,

“ఎవరో వాడి పారేసినవి మనకెందుకు పెద్దమ్మా?” అన్నావు నిన్న ఫోనులో. నీ వెనకాల మీ అమ్మ గొంతు కూడా వినిపించింది నాకు. మా అమ్మా అలాగే అనేది. అయినా వాళ్ళ అత్తగారి ఇత్తడి గిన్నెలకు ఏటేటా కళాయి పూయించేది, చిరిగిన చీరలన్నీ కలిపి బొంత కుట్టేది. మనింటి పాత మనకు ముద్దు. ఊరివాళ్ళ పాతే గుచ్చుకుంటుంది.

ఆ ముల్లు ముందు తీసెయ్యి. నువ్వు లోపలికి వెళ్ళడానికి సిగ్గుపడిన ఆ గుడ్‌విల్ అనే పాత సామాన్ల కొట్టును 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాదిరి మొదలుపెట్టాడు. కలిగినవాళ్ళ ఇళ్ళలో పాత బట్టలు, సామాన్లు సేకరించి, వాటిని బాగుచేసే పనిని పేదవాళ్ళకూ, వలసవచ్చినవాళ్ళకూ ఇచ్చాడు. మనలాగే పెట్టె పట్టుకుని దిగినవాళ్ళ చేతులతో నిలబడ్డ కొట్టమ్మా అది. అక్కడ తలవంచుకోవాల్సిన పనేముంది?

ఒహాయోలోని డేటన్‌లో కాపురం పెట్టావు కనుక నీకొక అదృష్టం ఉంది. అక్కడికి గంట ప్రయాణం లోపే సిడ్నీ అనే ఊరు. 1891 నుంచి వాగ్నర్ కంపెనీ పోత ఇనుప సామాన్లు చేసింది అక్కడే. ఒహాయో పాత ఇళ్ళలో అవి ఇంకా ఉన్నాయి. ఇల్లు ఖాళీచేసేటప్పుడు పిల్లలు తెచ్చి ఇలాంటి కొట్లలో ఇచ్చేస్తారు. అంచు లేని గుండ్రటి పలక కోసం చూడు. ఇక్కడివాళ్ళు పాన్‌కేకులకు చేసుకున్నది, మనకు అచ్చంగా అట్ల పెనం. అప్పట్లో పోతపోశాక పైభాగాన్ని నున్నగా చెక్కేవారు. నా పెనం తుప్పుపట్టి, పాత పుస్తకాల అర కింద పడి ఉంది. తిప్పిచూస్తే అడుగున ‘వాగ్నర్ వేర్, సిడ్నీ’ అన్న అక్షరాలు. ఎనిమిది డాలర్లు. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ప్రతి అట్టూ దానిమీదే.

తుప్పు చూసి భయపడకు, బీటను చూసి భయపడు. వేలి కణుపుతో కొట్టు, ఖంగుమనాలి. మొద్దుగా మోగితే వదిలెయ్యి. నున్నటి బల్లమీద పెట్టి చూడు. ఊగితే నీ గాజు పొయ్యిమీద పనికిరాదు. లోతైన పాత మూకుళ్ళు మాత్రం వద్దు. వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు కొందరు వాటిలో సీసం కరిగించుకునేవారు. చదును పలక ఆ పనికి రాదు.

ఇంటికి తెచ్చాక సగం వెనిగరు, సగం నీళ్ళు కలిపి అరగంట నానబెట్టి ఇనుప పీచుతో తోము. ఎక్కువసేపు ఉంచితే ఇనుమునే తినేస్తుంది. వెంటనే పొయ్యిమీద ఆరబెట్టి, నూనె రాసి, రాసిన నూనెనంతా గుడ్డతో తుడిచెయ్యి. ఆ మిగిలిన తడి చాలు. ఓవెన్‌లో బోర్లించి 450 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిమీద గంటసేపు ఉంచి, అందులోనే చల్లారనివ్వు. ఇలా మూడు నాలుగు సార్లు చెయ్యి. నూనె ఎక్కువైతే జిగటగా మిగిలిపోతుంది, నాకు మొదటిసారి అలాగే అయింది.

పాత జాడీలు చూసి మనసు పడతావు, నాకు తెలుసు. ఊరగాయ మాత్రం పెట్టకు. వాటి పైపూతలో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే కారుతుంది. కావాలంటే వాటిలో కరివేపాకు మొక్క వేసుకో. రేపు పిల్లలు పుట్టాక కారు సీటు, ఉయ్యాలమంచం కొత్తవే కొను. 2011 జూన్‌లో మంచాల నియమాలు మారాయి, వాటికి సరిపడని పాతవి అమ్మడానికే వీల్లేదు.

శనివారం ఇనుము కొనకూడదని మీ అమ్మ అంటుంది. ఆమె మాట కాదనకు, ఆదివారం వెళ్ళు. మొదటి రెండు అట్లూ అంటుకుంటాయి. కంగారుపడకుండా, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దుతూ ఉండు. మూడోది లేచాక నాకు ఫోను చెయ్యి.