బలం పనికిరాని చోటు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఇంటి పక్క రేకుల కిందో, వేపచెట్టు కిందో ఏళ్లుగా నిలబడిపోయిన కారు కనిపిస్తే, ఇంటాయన గల్ఫ్‌లో ఉన్నాడేమో అనిపిస్తుంది. పోయేముందు బండిమీద పరదా కప్పి, తాళంచెవి దేవునర్రలో పెట్టి దుబాయికో మస్కట్‌కో పోయి ఉంటాడు. నాలుగైదేళ్లకు సెలవు దొరికి వచ్చి తాళం తిప్పితే లోపల ‘టక్’మని ఒక్క చప్పుడు. బ్యాటరీ మార్చినా అదే చప్పుడు. ఇంజిన్ పట్టేసింది.

సెలవు రోజులు తక్కువ కదా, తొందర. ట్రాక్టరుకు తాడు కట్టి, గేర్లో వేసి గుంజిస్తారు. పట్టేసిన ఇంజిన్‌కు ఇంతకు మించిన కీడు లేదు. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నానబెడితే బతికేదాన్ని గుంజి చంపుకుంటాం.

అసలు లోపల ఏం జరిగింది? ఇంజిన్ ఆగిపోయినప్పుడు ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరుచుకునే ఉంటుంది. వానకాలపు తేమ సైలెన్సర్ దారినో కార్బురేటర్ దారినో ఆ బోరులోకి చేరుతుంది. పిస్టన్ రింగుకూ బోరు గోడకూ మధ్య వెంట్రుకవాసి సందులో తుప్పు పుట్టి రెంటినీ అతికిస్తుంది. పట్టేసింది ఆ ఒక్క సిలిండరే కావచ్చు. కానీ నాలుగు పిస్టన్లూ ఒకే క్రాంకు షాఫ్టుకు కట్టుబడినవి. మిగతా మూడు బోర్లూ అద్దంలా ఉన్నా ఏదీ కదలదు.

మన వేదాంతం లోపలి యంత్రాన్ని కూడా నాలుగుగానే చెప్పింది: మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం. అంతఃకరణ చతుష్టయం. జపానికి కూర్చుంటే సాగడం లేదని, గుడికి పోయినా మనసు నిలవడం లేదని బాధపడేవాళ్లు మనలో ఎందరో. వాళ్ల బుద్ధి మొద్దుబారలేదు, భక్తి ఇంకిపోలేదు. చాలాసార్లు అహంకారం ఒక్కటే ఎక్కడో పట్టేసి ఉంటుంది. పొలం గెట్టు దగ్గర అన్నయ్య అన్న మాటో, బిడ్డ పెండ్లికి పిలవలేదన్న రోషమో. ఏళ్ల తరబడి దాని జోలికి పోలేదు గనుక చుట్టూ తుప్పు పేరుకుంది. ఇప్పుడది మిగతా మూడింటినీ కదలనీయదు.

పట్టేసిన ఇంజిన్‌ను విడిపించే పనిని పాత అంబాసిడర్ మీద చూడాలి. హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 దాకా బెంగాల్‌లో తయారుచేసిన బండి అది. పని తెలిసిన ఉస్తాద్ ముందు నాలుగు ప్లగ్గులూ విప్పుతాడు. ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిపి ప్లగ్గు రంధ్రాల్లోంచి బోర్లలోకి పోస్తాడు. ఇక ఆ రోజుకు దాన్ని ముట్టడు. తెల్లారి టార్చిలైటు వేసి ఒక్కోదాంట్లోకి తొంగి చూస్తాడు. కదలిక ఉన్న బోర్లలో నూనె రింగుల పక్కనుంచి కిందికి దిగి ఉంటుంది. ఒకదాంట్లో మాత్రం పోసింది పోసినట్టే నిలిచి ఉంటే, అదే పట్టేసిందని అనుమానం. దాంట్లో మళ్లీ పోస్తాడు, మళ్లీ ఆగుతాడు. కొత్తగా పనిలో చేరిన పిలగాడు ఓపిక పట్టలేక పానా వేసి ఒరిగితే, “గుంజకు బిడ్డా, నాననియ్యి” అంటాడు.

ఏ పూటకో ఆ బోరులోనూ నూనె కొంచెం దిగుతుంది. దారి దొరికింది. అప్పుడు టాప్ గేర్లో వేసి బండిని చేతులతోనే కొంత ముందుకు, కొంత వెనక్కు ఊపుతారు. ముందుకే నెట్టరు. రెండు వైపులా ఊపితేనే ఊడిన తుప్పు రింగు కింద ఇరుక్కోకుండా నూనెతో కలిసి జారుతుంది.

భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు తన మనసు గాలిలాగా పట్టుకు దొరకడం లేదని మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు అతణ్ని కసురుకోలేదు. నిజమే, కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అని రెండు దారులు కలిపి చెప్పాడు. ఆ రెండూ ఎందుకు కలిసే ఉండాలో మెకానిక్ షెడ్డులో నిలబడితే కళ్లకు కడుతుంది. వైరాగ్యం ఆ నూనె. ‘నాది, నేను’ అని అతుక్కున్నచోట సందు చేస్తుంది. అభ్యాసం ఆ ఊపు. నూనె పోయకుండా ఊపితే విరుగుతుంది, ఊపకుండా ఎంత నూనె పోసినా పిస్టన్ ఉన్నచోటే ఉంటుంది. కొండగట్టు అంజన్న దీక్షకు 41 రోజుల మండలం పెట్టింది కూడా ఇందుకేనని నా నమ్మకం. చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, నేలపడక: ఒక్కనాటికి ఇవి చిన్నవే. రోజూ చేస్తుంటే లోపలికి దిగుతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆగి పట్టేసిన ఇంజిన్ వేరు, కాలి పట్టేసిన ఇంజిన్ వేరు. ఆయిల్ అయిపోయినా, నీళ్లు ఇంకిపోయినా ఆపకుండా ఉరికించిన బండిలో పిస్టన్ వేడికి ఉబ్బి, బోరును గీరి, కరుచుకుపోతుంది. దానికి నూనె పోసి కూర్చుంటే లాభం లేదు. హెడ్డు విప్పాలి, బోరింగ్ చేయించాలి. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల మీద పన్నెండేసి గంటలు నిలబడి, అప్పుల వడ్డీలు కట్టి కట్టి ఒరిగిపోయినవాళ్లున్నారు. ఎడారి ఎండలో ఏళ్లు గడిపి ఉత్త చేతులతో వచ్చినవాళ్లున్నారు. మాట్లాడటం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి ‘రోజూ జపం చెయ్యి, అంతా సర్దుకుంటుంది’ అని చెప్పడం ధర్మం కాదు. ఆయన తప్పేమీ లేదు, ఓర్వగలిగినదానికి మించి ఉరికించారు. అక్కడ కావలసింది విశ్రాంతి, డాక్టరు, అప్పు సంగతి కూర్చుని తేల్చే నలుగురు మనుషులు. ఆ నలుగురిలో ఒకరు కావడమే మనం చేయగల పూజ.

ఇక ఆగి పట్టేసినది కదిలిందనుకుందాం. కదిలిన రోజే సెల్ఫ్ కొట్టి రోడ్డెక్కకూడదు. బోర్లలో మిగిలిన నూనె ప్లగ్గు రంధ్రాల్లోంచి ఎగజిమ్ముతుంది గనుక పైన పాతబట్ట కప్పి, చేత్తోనే తిప్పి బయటికి తీయాలి. కిందికి కారిన డీజిల్ సంపులో ఆయిల్‌ను పలచన చేసి ఉంటుంది. దాన్ని దించి కొత్త ఆయిల్ పోశాకే ప్లగ్గులు బిగించాలి. ఏళ్ల తర్వాత మాట కలిసిన అన్నదమ్ములకూ నేను చెప్పేది అదే. మొదటిరోజే గెట్టు సంగతి ఎత్తకండి. పిల్లలను తీసుకుని కలిసి వేములవాడ పోయి, రాజన్నకు కోడె కట్టి రండి. కొలతలూ కాగితాలూ ఆ తర్వాత చూసుకోవచ్చు.