ఆశకూ భయానికీ ఒకటే కూలి

భిలాయిలో రైలు పట్టాలకు అటువైపు ఉక్కు ఫ్యాక్టరీ సెక్టార్లు, ఇటువైపు సుపేలా. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఆ ఊళ్లో, పని వెతుక్కుంటూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సుపేలాలో అలాంటి ఓ ఇంట అక్కాచెల్లెళ్లిద్దరు బీఎస్సీ నర్సింగ్ ముగించి, అమెరికాలో నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్షకు చదువుతున్నారు.

"వర్తించేవన్నీ ఎంచుకోండి" అన్న ప్రశ్న వస్తే చాలు, ఇద్దరికీ చిక్కే. సరైనవి ఎన్నో ప్రశ్న చెప్పదు. అక్కది ఆశ. ఏది వదిలితే ఏం పోతుందోనని అన్నిటికీ టిక్కు పెట్టేది. చెల్లిది భయం. ఖాయమనుకున్న ఒకటో రెండో పెట్టి, మిగతావి తెలిసినా వదిలేసేది.

ఓ తెల్లవారుజామున నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుని వణికిపోతోంది. ఆవిడకు షుగరు. రాత్రి ఆకలి లేదని అన్నం మానేసింది గానీ ఇన్సులిన్ మానలేదు. అక్క ఒక చేత్తో పంచదార డబ్బా, ఇంకో చేత్తో సిరంజి పట్టుకుని, బీపీ మాత్ర కూడా వేద్దామా అంటోంది. చెల్లి పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతోంది. వెనక వీధిలో ఉండే పిన్ని, వార్డు సిస్టరుగా రిటైరైన మనిషి, ఫోను అందుకుని పరుగున వచ్చింది.

"ఒంటికి చెమట పట్టిందా?"

"జాకెట్టంతా తడిసింది పిన్నీ."

"చేతులు?"

"వణుకుతున్నాయి."

"నాడి పట్టి చూడు."

"దడదడా కొట్టుకుంటోంది."

పిన్ని మంచం పక్కన కూర్చుని, "అత్తా, నేనెవర్ని?" అంది. నాయనమ్మ తేరిపార చూసి, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది.

"నోటి దగ్గర పళ్ల వాసన వస్తోందేమో చూడు."

"రావట్లేదు."

"ఊపిరి లోతుగా, గబగబా తీస్తోందా?"

"లేదు, మామూలుగానే ఉంది."

"మొదటి నాలుగూ షుగరు పడిపోయినప్పటివి. కడపటి రెండూ షుగరు బాగా పెరిగి, ఒంట్లో కీటోన్లు చేరినప్పటివి. ఆ సిరంజి కింద పెట్టవే!" అంది పిన్ని.

చెల్లి వేలికి సూది గుచ్చింది. మీటరులో 52. నాయనమ్మ మింగగలుగుతోందని చూసుకుని, 15 గ్రాముల పంచదార కలిపిన నీళ్లు తాగించారు. 15 నిమిషాలాగి మళ్లీ చూస్తే 84. "పొద్దున్నే అందరూ నా చుట్టూ చేరారేమే? టిఫిన్ చేసేవాళ్లు లేరా ఇంట్లో?" అంది నాయనమ్మ.

ఆవిడ ఇడ్లీ తింటుండగా, పిన్ని ఆ ఆరు గుర్తులనీ నోటుబుక్కులో వరసగా రాసింది. "షుగరు పడిపోయినప్పుడు కనబడేవి ఏవేవి? పరీక్షలో ఎలా పెడతారో అలాగే పెట్టండి" అంది. అక్క అలవాటుగా ఆరూ పెట్టింది. నాలుగు ఒప్పులకు నాలుగు వచ్చి, రెండు తప్పులకు రెండు పోయాయి. మిగిలింది రెండు. చెల్లి చెమట, వణుకు పెట్టి ఆగిపోయింది. ఆమెకూ రెండే.

"చూశారా, ఒకత్తి ఆశకూ ఇంకొకత్తి భయానికీ ఒకటే కూలి. ఇందాక నేను అడిగినట్టు ఒక్కొక్కదాన్నీ అడిగుంటే ఇద్దరికీ నాలుగూ దక్కేవి" అంది పిన్ని.

నీతి: అన్నీ పట్టుకున్నవాడికీ తెలిసినవీ వదిలేసినవాడికీ మిగిలేది ఒకటే. ఒక్కొక్కటీ విడిగా తేల్చుకున్నవాడిదే ఫలం.

2023 ఏప్రిల్ 1కి ముందు ఎన్‌క్లెక్స్‌లో "వర్తించేవన్నీ ఎంచుకోండి" ప్రశ్నకు ఒక్కటి తప్పినా సున్నాయే. ఇప్పుడు ఒప్పుకు ఒకటి కలుస్తుంది, తప్పుకు ఒకటి పోతుంది, సున్నాకు కిందికి మాత్రం దిగదు. కాబట్టి ఆరు ఆప్షన్లుంటే అవి ఆరు వేరువేరు ప్రశ్నలే. మిగతావాటిని చేత్తో మూసి, ఒక్కదాన్నే చదివి, "ఈ రోగికి ఇది నిజమా, కాదా?" అని అడగాలి. ఇప్పటికి ఎన్ని పెట్టామన్న లెక్క వద్దు. ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు తప్పిన ప్రతిదాని పక్కనా "ఆశ" అనో "భయం" అనో రాసుకుంటే, తన జబ్బేదో తనకే తెలుస్తుంది. అసలు విషయమే తెలియక తప్పినవాటికి మాత్రం మళ్లీ పుస్తకం పట్టాల్సిందే.

కేసు స్టడీలకూ దారి ఇదే. అయిదు గంటల పరీక్షలో 85 నుంచి 150 దాకా ప్రశ్నలుంటాయి. అందులో మూడు కేసులు, కేసుకు ఆరేసి ప్రశ్నలు. గుర్తులు పట్టడం, వాటి అర్థం చూడటం, ఏది ముందో తేల్చడం, ఏమేం చేయవచ్చో ఆలోచించడం, చేయడం, ఫలితం మళ్లీ చూడటం అన్నవే ఆ ఆరు మెట్లు. మంచం పక్కన పిన్ని ఎక్కినవీ అవే. ఎక్కువమంది మరిచిపోయేది ఆరోది. పంచదార నీళ్లు పట్టించి ఊరుకుంటే సగం పనే. 15 నిమిషాలకు మళ్లీ వేలికి సూది గుచ్చినప్పుడే నర్సు పని పూర్తయినట్టు.