అడవిలో అదృశ్యులైన రాజులు

బుగాండా రాజ్యమున కబాకా, అనఁగా రాజు, మరణించెనని పలుకరాదు. అడవిలో అదృశ్యుఁడయ్యెనని మాత్రమే బగాండా ప్రజలు చెప్పుకొందురు. కంపాలా నగరమందలి కసూబి కొండపై, కబాకా మొదటి ముతేసా 1882లో నివాసముగా కట్టించుకొని 1884లో సమాధిస్థుఁడైన ఆ విశాలమగు పూరికప్పు మందిరమున, చెట్టుబెరడుతో చేసిన వస్త్రపు తెరకు ఆవలనున్న గర్భభాగమే ఆ అడవి. అచట నలుగురు కబాకాలున్నారు; వారిలో ఇద్దరు ప్రవాసమున కన్నుమూసి, పిదప స్వదేశమునకు తేఁబడినవారు.

ఇంతకును రాజనఁగా దేహమా, పదవియా? పూర్వము మృతరాజు దవడయెముకను వేఱుచేసి, అతని ఆత్మకు ఆశ్రయముగా భావించి, ప్రత్యేక మందిరమున నిలిపెడివారు. మనకిది విడ్డూరముగాఁ దోఁచవచ్చును గాని, అస్థికలను గంగకు మోసికొనిపోవు మనము నవ్వఁదగము. ముతేసా యా యాచారమును విడిచి, సంపూర్ణదేహముతోనే ఖననమయ్యెను. ఆయన రాజత్వమున కేమియు లోటు రాలేదు. కావున పదవియే యనుట నా పక్షము: అది వంశములన్నిటిని ఒక్కటి చేయునది; ఆ మందిరపు కప్పు లోపలి 52 వలయములు బుగాండా యందలి 52 వంశములకు గుర్తులు గదా!

2010 మార్చి 16న మందిరము దగ్ధమయ్యెను. ప్రజలు దానిని మరల నిర్మించిరి.